ఉత్సర్గం: సొన్నలిగె చెరువు, తవ్వినవాడి పుణ్యం

భీమా, సీనా నదుల పరీవాహక ప్రాంతంలో, దక్కను పీఠభూమి నల్లరాతి మీద వెలసిన షోలాపూర్ పట్టణాన్ని ఒరుసుకొని పెద్ద నది ఏదీ పారదు. పడమటి కనుమలు మేఘాలను ముందే ఆపుకోగా మిగిలిన వాన మాత్రమే ఈ వైపు చేరుతుంది కాబట్టి, ఆ కొద్దిపాటి నీటిని కట్ట వేసి నిలుపుకోవడం మీదనే ఇక్కడి జనజీవనం మొదటినుంచీ ఆధారపడింది. ఊరి నడిబొడ్డున ఉన్న సిద్ధేశ్వర చెరువు ఆ అవసరంలోంచి పుట్టినదే. దానికి ఒక పక్క భుయికోట్ కిల్లా, అంటే కొండ మీద కాక చదును నేల మీద కట్టిన కోట, ఉంది; మరో పక్క మూడు దిక్కులా నీరు చుట్టిన సిద్ధేశ్వరాలయం ఉంది. మొక్కు తీర్చుకోవడానికి వచ్చే భక్తులు, ఉదయపు నడకకు వచ్చే వృద్ధులు, సెలవునాడు పిల్లలను వెంటబెట్టుకొని గాలి పీల్చుకోవడానికి వచ్చే కుటుంబాలు అక్కడ ఒకే గట్టు మీద కలుసుకుంటారు.

ఆ కుటుంబాలలో ఎన్నో తెలుగు కుటుంబాలు. కుంఠా నాకా మొదలైన నేతపేటలలో (నాకా అంటే ఊరిలోకి వచ్చే సరుకు మీద ఒకప్పుడు సుంకం వసూలు చేసిన చోటు) కరీంనగర్, నల్లగొండ, పాలమూరు, వరంగల్ ప్రాంతాల నుంచి తరతరాలుగా వలస వచ్చిన పద్మశాలీలు స్థిరపడ్డారు. 1870లలో ఇక్కడ తొలి నూలుమిల్లు వెలిసిన తరువాత ఆ వలస మరింత చిక్కబడింది, మిల్లుల కాలం ముగిశాక పవర్‌లూమ్ కార్ఖానాలు, దుప్పట్లు, తువ్వాళ్ళు దాన్ని నిలబెట్టాయి. వారి కులపురాణం ప్రకారం మార్కండేయ మహర్షి కుమారుడైన భావనా ఋషి తామరతూడు నారతో దేవతలకు తొలి వస్త్రం నేశాడు. తామర నీటిలో పుట్టేదే కనుక, ఈ కులపురాణంలో నేత వృత్తికి మూలం చెరువులోనే ఉందని అనుకోవచ్చు. అయితే పడుగుకు గంజి పట్టించడానికి, నూలుకు రంగు వేయడానికి నీరు కావలసిన నేతగాడికి ఆ సంబంధం తెలియడానికి పురాణంతో పని లేదు.

ఈ చెరువు చుట్టూ ఒక పాత ధర్మసందేహం తిరుగుతూ ఉంది. చెరువు తవ్వించడం పుణ్యకార్యమే అయితే ఆ పుణ్యం ఎవరికి చెందుతుంది, అది తవ్వించినవాడిని బంధిస్తుందా విడిపిస్తుందా, ఆ నీటిని దైవం కోసం కాక వినోదం కోసం వాడుకొనే మనిషి ఆ పుణ్యవ్యవస్థలో ఎక్కడ నిలుస్తాడు అన్నవి దాని మూడు ముఖాలు. భారతీయ ధర్మచింతన ఈ ప్రశ్నను గ్రంథాలలో చాలాసార్లు చర్చించింది. షోలాపూర్‌లో మాత్రం అది ఒక వ్యక్తి జీవితకథగా రూపుకట్టింది, అందువల్ల ఆ కథ నుంచే విచారణ మొదలుపెట్టడం సబబు.

షోలాపూర్‌కు పూర్వనామం సొన్నలిగె. 12వ శతాబ్దంలో, కల్యాణ నగరం నుంచి కలచురి బిజ్జలుడు పాలించిన కాలంలో, బసవేశ్వరుడికి, అల్లమప్రభువుకు సమకాలికుడైన సిద్ధరాముడు ఇక్కడ పుట్టాడు. ఆ తరువాత కొంతకాలానికి కన్నడ కవి రాఘవాంకుడు ఆయన జీవితాన్ని 'సిద్ధరామ చరిత్ర'గా కావ్యం చేశాడు. కథ ప్రకారం పశువులు కాచే పిల్లవాడైన సిద్ధరాముడి దగ్గరకు శ్రీశైల మల్లికార్జునుడు జంగమ రూపంలో వచ్చి ఆకలి అన్నాడు. పిల్లవాడు ఇంటికి పరుగెత్తి పెరుగన్నం తెచ్చేసరికి ఆయన మాయమయ్యాడు. మల్లయ్యను వెతుక్కుంటూ బాలుడు యాత్రికుల వెంట శ్రీశైలం దాకా నడిచి, అక్కడా కానరాకపోయేసరికి లోయలోకి దూకబోగా, స్వామి పట్టి ఆపి, సొన్నలిగెకు తిరిగి వెళ్ళి దానిని రెండవ శ్రీశైలంగా మలచమని ఆదేశించాడు. గుళ్ళు కట్టడం, ఊరి చుట్టూ 68 లింగాలను ప్రతిష్ఠించడం, చెరువు తవ్వడం ఆ ఆదేశానికి ఫలితాలు. సిద్ధరాముడు తన వచనాలను, అంటే కన్నడ గద్యగీతాలను, కపిలసిద్ధ మల్లికార్జునుడి పేరుతో ముగించాడు. తెలుగు నేలలోని కొండ మీద దొరికిన ఆజ్ఞ మరాఠీ కన్నడ సరిహద్దు ఊరిలో నీరుగా నిలిచిందంటే, ఆ నీటి ఒడ్డుకు ఏడు వందల ఏళ్ళ తరువాత చేరిన తెలుగు నేతగాళ్ళు పూర్తిగా పరాయివారు కారు.

అయితే ఇక్కడొక చిక్కు ఉంది. మల్లికార్జునుడి ఆజ్ఞలో చెరువూ గుడీ ఒకే కోవలోకి వచ్చాయి. శాస్త్రం మాత్రం ఆ కోవను అంత ఎత్తున పెట్టలేదు. వైదిక సంప్రదాయం సత్కర్మలను ఇష్టం, పూర్తం అని రెండుగా విభజించింది. ఇష్టం అంటే యజ్ఞం, అగ్నిహోత్రం వంటి వేదవిహిత కర్మ. పూర్తం అంటే బావి, చెరువు, తోట, సత్రం, గుడి వంటి నలుగురికీ పనికివచ్చే నిర్మాణం. ఇష్టానికి అధికారం కొన్ని వర్ణాలకే పరిమితం కాగా పూర్తం శూద్రులకూ స్త్రీలకూ అందుబాటులో ఉందని ధర్మశాస్త్రకారులు అంగీకరించారు. ఈ ఒక్క కారణం వల్లనే మధ్యయుగాలలో చెరువు అంత గొప్ప ధర్మరూపమైందని భావించవచ్చు. కానీ ముండకోపనిషత్తు ఇష్టాపూర్తాలనే శ్రేష్ఠమని నమ్మి అంతకు మించిన శ్రేయస్సు లేదనుకొనేవారిని మూఢులని నిరసించింది. వారు స్వర్గసుఖం అనుభవించి మళ్ళీ ఈ లోకానికో ఇంతకన్నా హీనమైన లోకానికో దిగుతారని చెప్పింది. ఛాందోగ్యం కూడా ఊళ్ళలో ఉండి ఇష్టాపూర్తాలు చేసేవారికి ధూమమార్గాన్ని, అంటే తిరిగి పుట్టుకకు దారితీసే దారిని, నిర్ణయించింది. జ్ఞానమార్గం దృష్టిలో చెరువు ఎంత లోతుగా తవ్వినా సంసారం ఒడ్డు దాటించదు.

తెలుగు సంప్రదాయం ఈ విషయంలో రెండు మాటలు చెప్పింది. మహాభారతంలో దుష్యంతుడితో శకుంతల చేసే వాదాన్ని నన్నయ తెలుగు చేసినప్పుడు నూతుల కన్నా బావి, బావుల కన్నా క్రతువు, క్రతువుల కన్నా కొడుకు, కొడుకుల కన్నా సత్యవాక్యం మేలనే మెట్ల వరుస స్థిరపడింది. ఆ నిచ్చెనలో నీటిది అట్టడుగు మెట్టు. మరో వైపు సప్తసంతానాలనే భావన ఉంది: కొడుకు, చెరువు, కావ్యం, నిధి, గుడి, తోట, అగ్రహారం అనే ఏడూ మనిషి పేరును అతని తరువాత నిలిపే సంతానమేనని దాని అర్థం. ఇందులో మెట్లు లేవు, చెరువు కొడుకు పక్కనే కూర్చుంది. కడప సీమలోని పోరుమామిళ్ళ చెరువు గురించిన 1369 నాటి శాసనం ఈ భావననే చెబుతుంది. విజయనగర రాజు మొదటి బుక్కరాయల కుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువుకు ప్రతిదినం వెయ్యిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళపాటు పనిచేశాయని చెబుతూ, మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను ఆ శాసనం వివరించింది. జలశాస్త్రమూ ధర్మశాస్త్రమూ ఒకే శాసనంలో కలిసిన అరుదైన సందర్భం అది. అయినా పుణ్యం మాత్రం భవదూరుడి పేర జమ అయింది. వెయ్యిమంది సంఖ్యగానే మిగిలారు.

పుణ్యం లెక్కలో పనివాడు ఎక్కడున్నాడనే ప్రశ్న సొన్నలిగె కథలో ఊహించని దారిలో పైకి వస్తుంది. 15వ శతాబ్దంలో శరణుల, అంటే బసవేశ్వరుడి కాలపు శివభక్తుల, సంభాషణలను కూర్చిన 'శూన్యసంపాదనె' అనే కన్నడ గ్రంథం అల్లమప్రభువు సొన్నలిగెకు వచ్చిన ఘట్టాన్ని వర్ణించింది. చెరువు పని జోరుగా సాగుతున్న చోటికి వచ్చి అల్లముడు మీ వడ్డె సిద్ధరాముడు ఎక్కడున్నాడని అడిగాడు. వడ్డెలు మట్టి తవ్వి, రాళ్ళు కొట్టి, కట్టలు పోసి బతికే వృత్తికులం. యోగీశ్వరుడిగా కొలుస్తున్న గురువును కూలిపనివాడిగా పిలవడం పనివారికి అవమానంగా తోచి, వారు అల్లముడి మీద రాళ్ళు రువ్వారు. రాళ్ళు ఆయనకు తగలలేదు. కోపంతో వచ్చిన సిద్ధరాముడు మూడో కన్ను తెరిచినా ఆ అగ్ని అల్లముడి పాదాల దగ్గర చల్లారింది. తరువాత జరిగిన సంవాదంలో అల్లముడు నిర్మాణాల మీద నిలిచిన భక్తిలోని అహంకారాన్ని ఎండగట్టి, సిద్ధరాముడిని కల్యాణానికి తీసుకువెళ్ళాడు. అక్కడ మరో శరణుడైన చెన్నబసవన్న చేతుల మీదుగా సిద్ధరాముడు ఇష్టలింగ దీక్ష పొందాడు. అంటే కట్టిన గుడిలోని స్థావరలింగాన్ని దాటి, అరచేతిలో పట్టే చరలింగాన్ని స్వీకరించాడు.

ఈ ఘట్టాన్ని కర్మ మీద జ్ఞానం సాధించిన విజయంగా చదవడం పరిపాటి. ఆ వ్యాఖ్య కొంతవరకే నిలుస్తుంది. అల్లముడు చెరువును పూడ్చమనలేదు, పని ఆపమనలేదు. ఆయన ప్రశ్నించినది తవ్వడాన్ని కాదు, తవ్వించానన్న స్పృహను. ఆయన మాటకు రాళ్ళు రువ్వింది నిజంగా మట్టి మోస్తున్నవారే కావడం ఇందులో గమనించవలసిన అంశం. తమ పని పేరుతో గురువును పిలిస్తే అది గురువుకు అవమానమని వారే భావించారు. తమ శ్రమకు విలువ గురువు మహిమ నుంచే వస్తుందని వారు నమ్మారు. ఆ లంకెను తెంచడానికే అల్లముడు ఆ పిలుపును ఎంచుకొన్నాడని అనుకోవడానికి వీలుంది. కాలం కూడా ఆ వైపే తీర్పు చెప్పింది: కర్ణాటకలో భోవి సమాజం, అంటే వడ్డెలే, ఇవాళ సిద్ధరాముడిని తమ కులగురువుగా కొలుస్తుంది, చిత్రదుర్గంలో ఆయన పేర గురుపీఠమే నిలిపింది. కథలో నిందగా వినిపించిన సంబోధన కింద ఒక శ్రామిక సమాజం తన గురువును గుర్తించింది.

అయినా అల్లముడి విమర్శకు శాస్త్రంలోనే ఒక జవాబు ముందే సిద్ధంగా ఉందని చాలామంది గమనించరు. చెరువు తవ్వించినంత మాత్రాన ధర్మశాస్త్రం ప్రకారం పూర్తకర్మ పూర్తికాదు. దానికి ఉత్సర్గం జరగాలి. ఉత్సర్గం అంటే విడిచిపెట్టడం. హోమం చేసి, ఆవును నీటిలోకి దింపి దాటించి, ఈ నీరు సకల ప్రాణుల కోసం విడిచాను, అవి ఇందులో స్నానం, పానం, విహారం చేసి సంతోషించుగాక అనే భావంతో కర్త తన స్వామ్యాన్ని, అంటే యజమాని హక్కును, వదులుకొంటాడు. దానానికీ ఉత్సర్గానికీ మీమాంసకులు చూపే భేదం సూక్ష్మమైనది. దానంలో తీసుకొనేవాడొకడు ఉంటాడు, వస్తువు ఒక చేతినుంచి మరో చేతికి మారుతుంది. ఉత్సర్గంలో తీసుకొనే చేయి లేదు, కాబట్టి ఆ వస్తువు ఎవరిదీ కాకుండా పోయి అందరికీ మిగులుతుంది. మరి తవ్వించినవాడు ఆ నీరు తాగవచ్చా అని అడిగితే శాస్త్రకారులు తాగవచ్చుననే అన్నారు. యజమానిగా కాదు, సకల ప్రాణులలో ఒక ప్రాణిగా. అల్లముడు సిద్ధరాముడిని వడ్డెవాడా అని పిలిచి చేసిన పని తాత్త్విక స్థాయిలో ఇదే కావచ్చు. చెరువును లోకానికి విడిచినవాడు తనను తాను విడవడం మరిచాడు, అల్లముడు ఆ మిగిలిన ఉత్సర్గం చేయించాడు.

ఇందుకు సొన్నలిగెకు దగ్గరలోనే ఒక శాస్త్రసాక్ష్యం ఉంది. యాజ్ఞవల్క్య స్మృతికి 'మితాక్షర' అనే వ్యాఖ్య రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణ చాళుక్య రాజు ఆరవ విక్రమాదిత్యుడి కాలంలో ఆ కల్యాణ నగరంలోనే ఉండేవాడు. సిద్ధరాముడికి కొంచెం ముందుతరం ఆయనది. పరుల నీటిలో స్నానం చేయదలచినవాడు ముందు అయిదు మట్టిముద్దలు బయటికి తీయాలని యాజ్ఞవల్క్యుడు విధించాడు. పరుల చెరువులో మునిగినవాడికి దాన్ని తవ్వించినవాడి పాపంలో భాగం వస్తుందని మనువు హెచ్చరించాడు. విజ్ఞానేశ్వరుడు ఈ విధికి ఒక గీత గీశాడు: సకల ప్రాణుల కోసం విడిచిపెట్టని చెరువులకే ఇది వర్తిస్తుంది. ఉత్సర్గమైన చెరువులో దిగేవాడు ఎవరికీ రుణపడడు. పూడిక తీతను స్నానానికి రుసుముగా పెట్టిన ఆ పాత నియమంలోని లోకజ్ఞానం మెచ్చుకోదగ్గదే గానీ, వ్యాఖ్యాత చేసిన సడలింపు అంతకన్నా గొప్పది. అందరిదైన నీటి దగ్గర ఎవరూ అతిథి కారు.

అయితే ఆ సకల ప్రాణులలో మనుషులందరూ ఉన్నారా అన్నచోట సంప్రదాయం తన మాటకు తానే అడ్డం తిరిగింది. పశువులు దిగిన చెరువులోకి కొందరు మనుషులను దిగనివ్వలేదు. బొంబాయి శాసనమండలి 1923లో బహిరంగ జలాశయాలు అందరివీ అని తీర్మానించిన తరువాత కూడా, కొంకణంలోని మహాడ్‌లో చవదార్ చెరువు నీటిని తాకడానికి 1927 మార్చి 20న అంబేద్కర్ నాయకత్వంలో సత్యాగ్రహం అవసరమైంది. అగ్రవర్ణాలవారు ఆ చెరువు తమ సొంత ఆస్తి అని కోర్టుకు వెళ్ళారు. 1937లో బొంబాయి హైకోర్టు ఆ వాదాన్ని తోసిపుచ్చింది. ఆ వ్యాజ్యంలో హక్కుదారులమని నిలబడినవారు ధర్మం పేరుతోనే మాట్లాడినా, ఉత్సర్గ శాస్త్రం దృష్టిలో వారు చేసినది విడిచిన వస్తువును తిరిగి లాక్కోవడమే, దానికి శాస్త్రంలో పేరు దొంగతనం.

ఇప్పుడు వినోదం సంగతి. పవిత్ర జలం దగ్గర పడవ షికారు, చిరుతిళ్ళు, ఫోటోలు అపచారమన్న సణుగుడు ప్రతి తీర్థంలోనూ వినిపిస్తుంది. శాస్త్రం ఇందుకు ఆధారం ఇవ్వదు. మనువు నీటిలో ఉమ్మివేయడం, మలమూత్రాలు విడవడం, అపవిత్ర వస్తువులు వేయడం నిషేధించాడు. వినోదాన్ని ఆ జాబితాలో చేర్చలేదు. అలంకార శాస్త్రమైతే మహాకావ్యంలో ఉండవలసిన వర్ణనలలో జలక్రీడను చేర్చి గౌరవించింది. తెలుగు ప్రబంధకవులు ఆ సందర్భాన్ని ఎన్నడూ వదులుకోలేదు, అయితే వారి చెరువులలో ఆడింది రాజులూ రాచకన్యలూ. మగ్గం దిగి వచ్చిన మనిషి ఆ నీటిలో కాళ్ళు పెట్టినట్లు ఏ ప్రబంధమూ చెప్పదు. ఉత్సర్గ భావాన్ని చివరిదాకా తీసుకువెళితే, పని నుంచి విడుదలై గట్టు మీద ఊరికే కూర్చున్న కుంఠా నాకా నేతగాడు ఆ చెరువుకు అత్యంత యోగ్యుడైన వారసుడనే నిర్ణయానికి రావలసి ఉంటుంది. భక్తుడు నీటిని ఏదో ఒక ఫలం కోరి తాకుతాడు, రంగు కార్ఖానా దాన్ని సరుకుగా తీసుకుంటుంది, రైతు పంటగా మారుస్తాడు. షికారుకు వచ్చినవాడు మాత్రం నీటినుంచి ఏమీ సంపాదించకుండా, దాని మీద ఏ హక్కూ పెంచుకోకుండా ఇంటికి వెళతాడు. స్వామ్యం లేని వస్తువును స్వామ్యం లేకుండా అనుభవించడం అతనికి సాధ్యమైనంతగా ఇంకెవరికీ సాధ్యం కాదు. రోజంతా మరొకరి మగ్గం మీద మరొకరి నూలు నేసే మనిషికి నిష్కామ కర్మ గురించి బోధించడంలో కొంత క్రూరత్వం ఉంది, ఎందుకంటే అతని కర్మఫలం ముందే సేఠ్ ఖాతాలోకి పోయింది. అతనికి నిజంగా కావలసినది ఫలం అడగని తీరిక, దాన్ని చెరువు ఇస్తుంది.

సిద్ధరాముడి పండుగ కూడా ఈ కలయికను దాచలేదు. మకర సంక్రాంతి రోజులలో జరిగే గడ్డా యాత్రలో నందిధ్వజాలు, అంటే ఎత్తైన పొడవాటి కర్రధ్వజాలు, ఊరేగి 68 లింగాలకు తైలాభిషేకం జరుగుతుంది. తనను పెళ్ళాడాలని పట్టుబట్టిన కుమ్మరి కన్యకు సిద్ధరాముడు తనకు బదులు తన యోగదండాన్ని ఇచ్చాడన్న కథకు గుర్తుగా ఆ ధ్వజానికి వేలమంది అక్షతలు చల్లుతారు. పక్కనున్న హోం మైదానంలో రంగులరాట్నాలు, మిఠాయి దుకాణాలు అదే వేళకు కిక్కిరిసి ఉంటాయి. శ్రావణ పూర్ణిమకు మార్కండేయ రథం లాగే పద్మశాలీలు సంక్రాంతికి ఈ జాతరలో కలుస్తారు. ఈ రెండు పండుగలలో ఏది భక్తి, ఏది వినోదం అని విడదీసే గీత పండితుల మనసులలో తప్ప ఊరిలో లేదు.

చెరువు ధర్మం రాజ్యం చేతికి మారినప్పుడు ఈ పుణ్యం లెక్క తారుమారైంది. ఊరికి ఈశాన్యాన ఆదిలా వాగు మీద ఆంగ్ల ప్రభుత్వం 1871 నాటికి పూర్తిచేసిన ఏక్రూక్ జలాశయం, స్థానికుల మాటలో హిప్పర్గా చెరువు, పూర్తంగా కాదు, పెట్టుబడిగా పుట్టింది. దాని కాలువ నీటికి పన్ను ఉంది, ఉత్సర్గం లేదు. పన్నుకట్టే పౌరుడు సకల ప్రాణులలో ఒకడు కాడు, ఖాతాదారుడు. అయినా తుల్జాపూర్ దారిన పోయేవారు ఆ నీటి దగ్గర ఆగకుండా పోరు. ప్రభుత్వం చేయని ఉత్సర్గాన్ని బాటసారులు తమంతట తాము చేసుకొన్నారు.

1980లో భీమా మీద పూర్తయిన ఉజనీ ఆనకట్ట దగ్గర మాత్రం పై వాదం అంత సులువుగా నిలవదు. సుమారు 117 టీఎంసీల నీటిని పట్టే ఆ జలాశయం నుంచే వంద కిలోమీటర్లకు పైగా పైపులలో నడిచి షోలాపూర్‌కు, కుంఠా నాకా కుళాయిలకు, కొన్ని రోజులకొకసారి నీరు వస్తుంది. శాస్త్రం ప్రకారం తనది కానిదాన్ని ఎవరూ విడిచిపెట్టలేరు. పరాయి నేలలో తవ్విన చెరువుకు ఉత్సర్గమే చెల్లదు. ఉజనీ అడుగున ఉన్న పొలాలు, ఇళ్ళు, పలస్‌దేవ్‌లోని పాత శివాలయం వదులుకొన్నవారు వాటిని తమంతట తాము విడవలేదు, నష్టపరిహారం ఒప్పందంలోకి వచ్చింది గానీ సంకల్పంలోకి రాలేదు. సిద్ధరాముడు శ్రీశైలం వెళ్ళి ఆజ్ఞ తెచ్చుకొంటే, ఉజనీ నుంచి వదిలిన వరదనీరు భీమా వెంట కృష్ణలో కలిసి ఆ శ్రీశైలం కొండ కిందకే చేరుతుంది, అక్కడా మరో ఆనకట్ట కృష్ణా తుంగభద్ర లోయల ఊళ్ళను, సంగమేశ్వరాలయాన్ని ముంచింది. వేసవిలో నీటిమట్టం తగ్గి ఈ గుళ్ళు పైకి తేలినప్పుడు ఆ ఊరివారు పూజకు వెళతారు, ఇతరులు చూడటానికి వెళతారు; చలికాలంలో ఉజనీ వెనుకనీటి మీద భిగ్వణ్ దగ్గర ఫ్లెమింగోల కోసం పడవలు కడతారు. సిద్ధేశ్వర చెరువు గట్టున షికారుకు వచ్చినవాడిని ఎవరికీ రుణపడకుండా చేసే విజ్ఞానేశ్వరుడి సడలింపు ఈ పడవలకు వర్తించదు. ఇక్కడ దిగేవాడికి పాత విధి, అయిదు మట్టిముద్దల విధి, ఇంకా అమలులోనే ఉంది. ఆ ముద్దలు ఎవరి పొలానివో చెప్పగలవారు చాలామంది ఇంకా బతికే ఉన్నారు.